పూర్వకథలో పరిచిత పాత్రలు: తెలుగు ప్రేక్షక స్పందన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రసిద్ధమైన ఒక కథకు ముందు జరిగిన సంగతులను చెప్పే రచనను నేడు 'ప్రీక్వెల్' అని వ్యవహరిస్తున్నారు. పేరు కొత్తదే కాని ఈ కథన పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. ఉత్తరకాండలోని రావణ, హనుమద్వృత్తాంతాలు మొదలుకొని 'మాయాబజార్' వంటి చలనచిత్రాల మీదుగా 'బాహుబలి' పూర్వకథా ధారావాహికల వరకు, తెలిసిన పాత్రలు తిరిగి వచ్చినప్పుడు తెలుగు శ్రోతలు, ప్రేక్షకులు స్పందించిన తీరును ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. ఆ స్పందన సందేహం, అభ్యంతరం, ప్రత్యభిజ్ఞ అనే మూడు రూపాల్లో వ్యక్తమవుతుందని, కవి కల్పించిన ఉత్పాద్యకథ జనస్మృతిలో ప్రఖ్యాతకథగా మారిందనడానికి ఈ స్పందనే ఆనవాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పూర్వకథ, పాత్రౌచిత్యం, ప్రఖ్యాతవస్తువు, సిద్ధరసం, ఉత్తరకాండ, మాయాబజార్, అమృతం, బాహుబలి, ప్రేక్షకస్మృతి.

1. ఉపోద్ఘాతం:
2015 జూలై 10న విడుదలైన 'బాహుబలి: ది బిగినింగ్' చలనచిత్రం ఒక ప్రశ్నతో ముగిసింది. మాహిష్మతి సింహాసనానికి కట్టుబడిన కట్టప్ప, తనను మామా అని ఆప్యాయంగా పిలిచే అమరేంద్ర బాహుబలిని తానే చంపానని చెప్పడంతో తెర పడింది. 2017 ఏప్రిల్ 28న రెండవ భాగం వచ్చేవరకు, దాదాపు 22 నెలల పాటు, ఆ హత్యకు కారణమేమిటన్న ప్రశ్న ఇళ్లలో, కళాశాలల్లో, ప్రయాణాల్లో చర్చనీయాంశమైంది. ఆ ప్రశ్న స్వభావం గమనించదగినది. సాధారణంగా కథ విన్నవాడు "తరువాత ఏమైంది?" అని అడుగుతాడు. ఇక్కడ జనం అడిగింది అది కాదు. జరిగిపోయినదానికి ముందు ఏం జరిగింది, కట్టప్ప వంటివాడు అంత పని ఎందుకు చేశాడు అన్నది వారి ప్రశ్న.

పూర్వకథకు పునాది ఈ రెండవ రకపు కుతూహలమే. దీనిని తెలుగులో కొందరు 'పూర్వరంగం' అంటున్నారు. నాట్యశాస్త్రంలో పూర్వరంగం అంటే ప్రదర్శనకు ముందు జరిగే నాందీ మొదలైన విధి. అది కథలో భాగం కాదు. కనుక ఈ వ్యాసంలో 'పూర్వకథ' అనే మాటను వాడడం జరిగింది. ముందుగా వెలువడి ప్రసిద్ధి పొందిన కథలోని పాత్రలను తీసుకొని, ఆ కథాకాలానికి పూర్వపు సంగతులను తరువాతి కాలంలో చెప్పే రచన అని దీని అర్థం.

పూర్వకథ మీద జరిగే చర్చలు ఎక్కువగా వ్యాపార ప్రయోజనం చుట్టూ తిరుగుతున్నాయి. విజయవంతమైన పాత్రను మరల అమ్ముకోవడానికి నిర్మాతలు కనిపెట్టిన ఉపాయమని ఒక అభిప్రాయం. అందులో కొంత నిజం ఉన్నది. అయితే జనం ఆ పాత్రల కోసం ఎందుకు ఎదురుచూస్తారు, ఎప్పుడు అంగీకరిస్తారు, ఎప్పుడు నిరాకరిస్తారు అన్న విషయాన్ని ఆ అభిప్రాయం వివరించదు. వాటికి సమాధానం వెతకాలంటే తెలుగువారి కథాశ్రవణ చరిత్రలో కొంత వెనుకకు వెళ్లాలి.

2. ఉత్తరకాండ – రాముడు శ్రోతగా:
రామాయణ కథ పట్టాభిషేకంతో పూర్తవుతుంది. రావణుడు మరణించాడు, సీత తిరిగి వచ్చింది, రాముడు రాజయ్యాడు. ఉత్తరకాండ ఆ తరువాత మొదలవుతుంది. రాముని అభినందించడానికి వచ్చిన మునులు రావణ, కుంభకర్ణుల వధకంటె ఇంద్రజిత్తు వధనే అధికంగా ప్రశంసిస్తారు. రాముడు ఆశ్చర్యపడి, ఇంద్రజిత్తుకు అంత గొప్పతనం ఎక్కడిదని అడుగుతాడు. అగస్త్యుడు అందుకు సమాధానంగా రావణుని వంశచరిత్రను, తపస్సును, వరాలను, దిగ్విజయాలను చెప్పుకొని వస్తాడు. చనిపోయిన ప్రతినాయకుని బాల్య యౌవనాలను అతనిని చంపిన నాయకుడే కూర్చొని వింటున్నాడు. పూర్వకథకు ఇంతకంటె స్పష్టమైన ప్రాచీన నమూనా మరొకటి లేదనవచ్చు.

ఇందులో రాముడు వేసే ప్రశ్నలు నేటి ప్రేక్షకుడు వేసే ప్రశ్నలకు దగ్గరగా ఉంటాయి. హనుమంతుడు అంతటి బలవంతుడైతే, వాలి వల్ల సుగ్రీవుడు అడవుల పాలైనప్పుడు ఎందుకు ఊరకున్నాడని రాముడు అడుగుతాడు. ఇది కథలోని పొంతనను గురించిన సందేహం. బాల్యచాపల్యం వల్ల మునుల శాపానికి గురై హనుమంతుడు తన బలాన్ని తాను మరచిపోయాడని అగస్త్యుడు సమాధానం చెబుతాడు. అదే విధంగా, అపహరించి తెచ్చిన సీతను రావణుడు బలాత్కరించకపోవడానికి రంభావృత్తాంతంలోని నలకూబరుని శాపం కారణమవుతుంది. సీతయే రావణుని నాశనానికి హేతువు కావడానికి వేదవతి కథ కారణమవుతుంది. ముందుగా వచ్చిన కాండల్లో విన్నవారి మనసుల్లో మిగిలిన ఒక్కొక్క సందేహానికి పూర్వకథ ఒక్కొక్క సమాధానం సమకూరుస్తున్నది.

ఉత్తరకాండ రామాయణ మూలభాగం కంటె తరువాతి కాలానిదని పలువురు పండితులు భావిస్తారు. ఆ అభిప్రాయాన్ని అంగీకరిస్తే, శ్రోతల సందేహాలే కథను వెనుకకు పెంచాయని ఊహించడానికి అవకాశం ఉన్నది. వినేవాడి ప్రశ్న చెప్పేవాడి చేత కొత్త కథ చెప్పించింది.

తెలుగు కవులకు ఈ కాండ మీద ఉన్న మక్కువ విశేషమైనది. 13వ శతాబ్దిలో తిక్కన 'నిర్వచనోత్తర రామాయణము' రచించి మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. రామాయణ పూర్వభాగాన్ని విడిచి ఉత్తరభాగాన్ని మాత్రమే స్వతంత్ర కావ్యంగా నిర్మించాడంటే, తన శ్రోతకు రామకథ ముందే తెలిసి ఉంటుందన్న నమ్మకం ఆయనకు ఉన్నదన్నమాట. గోన బుద్ధారెడ్డి 'రంగనాథ రామాయణం' యుద్ధకాండతో ముగియగా, ఆయన కుమారులు కాచవిభుడు, విట్ఠలరాజు ఉత్తరకాండను ద్విపదలో పూర్తిచేశారు. 18వ శతాబ్దిలో కంకంటి పాపరాజు మరల అదే కథను 'ఉత్తర రామాయణము'గా రచించాడు. శతాబ్దాల తరబడి సాగిన ఈ పునఃకథనం, తెలిసిన పాత్రల గురించి ఇంకా తెలుసుకోవాలన్న ఆసక్తి తెలుగు శ్రోతల్లో తరగలేదనడానికి నిదర్శనం.

3. ప్రఖ్యాతం, ఉత్పాద్యం, సిద్ధరసం:
ఈ ఆసక్తిని అర్థం చేసుకోవడానికి అలంకారశాస్త్రంలో కొన్ని ఉపకరణాలు ఉన్నాయి. ధనంజయుని దశరూపకం ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించింది. ఇతిహాస పురాణాదుల నుంచి గ్రహించినది ప్రఖ్యాతం. కవి స్వయంగా కల్పించినది ఉత్పాద్యం. రెండింటి కలయిక మిశ్రం. అంతకుముందే 9వ శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో రామాయణాది కథలు సిద్ధరసాలని, వాటిని స్వీకరించిన కవి ఆ రసానికి విరోధం కలిగే విధంగా స్వేచ్ఛగా కల్పన చేయరాదని హెచ్చరించాడు. రసానికి అనుకూలించని ఇతివృత్త భాగాన్ని విడిచి, అనుకూలమైన కథను కల్పించుకోవచ్చునని కూడా ఆయనే చెప్పాడు. 11వ శతాబ్దిలో క్షేమేంద్రుడు ఔచిత్యాన్నే కావ్యానికి జీవంగా నిలిపాడు.

ఈ సూత్రాలను కవికి విధించిన నియమాలుగానే సాధారణంగా చదువుతున్నాం. ప్రేక్షకుని వైపు నుంచి చూస్తే అవి మరొక విషయాన్ని కూడా చెబుతాయి. కథ 'సిద్ధరసం' కావడమంటే, కవి చెప్పకముందే ఆ రసం సహృదయుని మనసులో సిద్ధంగా ఉండడం. అటువంటి కథలో కవి ఒంటరి యజమాని కాడు. రాముడు ఎలా మాట్లాడతాడో, ఏ పని చేయడో శ్రోతకు కూడా తెలుసు. కనుకనే "రాముడు అలా అనడు" అని శ్రోత అనగలుగుతున్నాడు.

దీనిని బట్టి పూర్వకథకు వచ్చే స్పందనను మూడు విధాలుగా గుర్తించవచ్చు. మొదటిది సందేహం: తెలిసిన కథకు, కొత్తగా చెప్పిన పూర్వకథకు పొంతన కుదిరిందా అన్న ప్రశ్న. రెండవది అభ్యంతరం: పాత్ర స్వభావానికి భంగం కలిగిందన్న ఫిర్యాదు. మూడవది ప్రత్యభిజ్ఞ: ఒక చిన్న మాటలో, చేష్టలో తరువాతి కాలపు పాత్రను గుర్తుపట్టినప్పుడు కలిగే ఆనందం. ఈ మూడింటికీ ఆధారం ప్రేక్షకుని జ్ఞాపకమే.

4. రంగస్థలం నుంచి వెండితెరకు:
1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో 'కీచకవధ'తో ఆరంభమైన సురభి నాటక సంప్రదాయం పురాణపాత్రలను ఊరూరికీ తీసుకొని వెళ్లింది. ఆ నాటకాలకు వచ్చే జనానికి కథ తెలుసు, ముగింపు తెలుసు, పద్యాలు కూడా తెలుసు. తెలిసినదాన్ని మరల చూడడానికే వారు వచ్చేవారు. తెలుగు చలనచిత్రం ఈ ప్రేక్షకులనే వారసత్వంగా పొందింది.

1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన 'మాయాబజార్' ఈ దృష్టితో పరిశీలించదగిన చిత్రం. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. ఆమె వివాహకథ తెలుగు నాటకరంగంలో, జానపదుల నోట ప్రచారం పొందిన కల్పన. దశరూపక పరిభాషలో ఇది మిశ్రవస్తువు. కథాకాలం కురుక్షేత్ర యుద్ధానికి పూర్వం. పాండవులు తెరపై ఎక్కడా కనిపించరు. అయినా వారి కష్టం కథ అంతటా ప్రేక్షకునికి తెలుస్తూనే ఉంటుంది. అభిమన్యుడు పద్మవ్యూహంలో మరణిస్తాడని, ఘటోత్కచుడు కర్ణుని శక్తికి బలి అవుతాడని చిత్రం చెప్పదు. చెప్పవలసిన అవసరం లేదు. పెళ్లివారి నవ్వుల మధ్య కూర్చున్న ప్రేక్షకునికి ఆ సంగతి ముందే తెలుసు. ఆ హాస్యం వెనుక ఉన్న మృదువైన దిగులు తెరపై లేదు, చూసేవారి జ్ఞాపకంలో ఉన్నది. పూర్వకథకు మాత్రమే సాధ్యమైన రసస్థితి ఇది.

ప్రేక్షకుల నిరాకరణకు కూడా అదే కాలంలో ఉదాహరణ దొరుకుతుంది. 'మాయాబజార్'కు ముందు 'సొంతవూరు' (1956) చిత్రంలో ఎన్.టి. రామారావు కృష్ణుని వేషంలో కనిపించినప్పుడు ఆదరణ లభించలేదు. అందువల్ల 'మాయాబజార్'లో ఆ పాత్రను ధరించడానికి ఆయన తొలుత సంకోచించగా, కె.వి. రెడ్డి ఒప్పించి ఆహార్యం, నడవడి విషయంలో ప్రత్యేక శ్రద్ధ తీసుకున్నారు. తరువాతి కాలంలో తెలుగువారి ఊహలో కృష్ణుడంటే ఆ రూపమే నిలిచింది. నటుడు ఒక్కడే, పాత్ర ఒక్కటే. తేడా వచ్చింది ప్రేక్షకుని మనసులోని కృష్ణునితో తెరమీది కృష్ణుడు ఎంతవరకు సరిపోయాడన్న విషయంలో.

ప్రతినాయకుని పూర్వకథను కూడా ఈ ప్రేక్షకులే ఆదరించారు. 'భూకైలాస్' (1958)లో రావణుడు ఆత్మలింగం కోసం తపించే భక్తుడు. 'సీతారామ కల్యాణం' (1961)లో తన నరాలను వీణాతంత్రులుగా చేసి శివుని మెప్పించే గాయకుడు. రెండు చిత్రాల్లోనూ రావణుడు ఎన్.టి. రామారావే. సీతాపహరణం ఇంకా జరగని కాలపు కథలు కావడం వల్ల, ప్రేక్షకుడు రావణుని భక్తిని మెచ్చుకోవడానికి వెసులుబాటు కలిగింది. అతడు పొందబోయే పతనం తెలిసి ఉండడం వల్ల ఆ మెచ్చుకోలులో జాలి కూడా కలిసింది. ఉత్తరకాండలో రాముడు శ్రోతగా పొందిన అనుభవానికి ఇది దూరమైనది కాదు.

5. బుల్లితెర – పాత్ర, నటుడు:
టెలివిజన్ రాకతో పరిచయం అనే మాటకు అర్థం మారింది. సినిమా పాత్రతో పరిచయం మూడు గంటలది. ధారావాహిక పాత్ర వారం వారం, కొన్నిసార్లు రోజూ, ఇంటికి వస్తుంది. గుణ్ణం గంగరాజు రూపొందించగా 2001 నవంబరు నుంచి 2007 నవంబరు వరకు జెమిని టీవీలో ప్రసారమైన 'అమృతం' ఇందుకు మేలైన ఉదాహరణ. అమృతరావు, ఆంజనేయులు, సర్వం, అప్పాజీ అనే పాత్రలు ఆరేళ్లు తెలుగు ఇళ్లలో చుట్టాల్లా మెలిగాయి. ఆ కాలంలో అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ వరుసగా ధరించారు. నటులు మారినా ప్రేక్షకులు పాత్రను వదలలేదు. అమృతరావు అమాయకపు అత్యాశ, ప్రతి ఉపాయం బెడిసికొట్టడం అనే స్వభావం కొనసాగినంతకాలం ముఖం మారడం వారికి పెద్ద అడ్డంకి కాలేదు.

అయితే ఇందుకు పరిమితి కూడా ఉన్నది. 2014లో అవే పాత్రలతో వచ్చిన 'చందమామలో అమృతం' చలనచిత్రానికి ధారావాహికకు దక్కినంత ఆదరణ దక్కలేదు. 2020 ఉగాదికి జీ5లో 'అమృతం ద్వితీయం' మొదలైనప్పుడు హర్షవర్ధన్ తిరిగి అమృతరావుగా వచ్చారు. ఆంజనేయులుగా చిరపరిచితుడైన గుండు హనుమంతరావు 2018లో కన్నుమూయడంతో ఆ పాత్రను ఎల్.బి. శ్రీరామ్ ధరించారు. తిరిగి వచ్చిన పాత్రను చూస్తున్నప్పుడు లేని మనిషిని తలచుకోవడం కూడా ప్రేక్షకుని అనుభవంలో భాగమైంది. ఇది ఉత్తరకథ అయినా, పూర్వకథా ధారావాహికలు ఎదుర్కొనే ప్రధాన సమస్య ఇక్కడ స్పష్టంగా కనిపిస్తున్నది. పూర్వకథలో పాత్ర వయసు తగ్గాలి కనుక నటుడు మారడం దాదాపు అనివార్యం. ముఖం ఆసరా లేనప్పుడు పాత్రను గుర్తుపట్టించగలిగేది స్వభావం ఒక్కటే.

దైనందిన ధారావాహికల్లో ప్రేక్షకుల పట్టు ఇంకా బలంగా కనిపిస్తుంది. 2017 నుంచి 2023 వరకు స్టార్ మాలో ప్రసారమైన 'కార్తీకదీపం'లో దీప, కార్తీక్ పాత్రలను 2022లో తప్పించి కథను వారి కుమార్తెల తరానికి జరిపారు. అదే ఏడాదిలో ఆ రెండు పాత్రలూ తిరిగి కథలోకి వచ్చాయి. 2024లో 'కార్తీకదీపం – ఇది నవవసంతం' పేరుతో అదే నటీనటులు, అవే పేర్లు, కొత్త కథతో ప్రసారం మొదలైంది. ఇక్కడ కథకు కొనసాగింపు లేదు, పాత్రల పట్ల అలవాటుకు మాత్రమే కొనసాగింపు ఉన్నది.

6. మాహిష్మతి పూర్వకథలు:
వి. విజయేంద్రప్రసాద్ కథ, ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో రూపొందిన బాహుబలి పురాణకథ కాదు. మాహిష్మతి అనే పేరు ప్రాచీనమైనా ఈ శివగామి, కట్టప్ప, భల్లాలదేవుడు ఉత్పాద్య పాత్రలు. 2015కు ముందు ఎవరికీ తెలియనివి. అయినా రెండేళ్లలోనే వాటి విషయంలో ప్రేక్షకులు పురాణపాత్రల పట్ల చూపే హక్కును చూపసాగారు. కట్టప్ప బాహుబలిని చంపాడన్నది వారికి కేవలం ఒక మలుపు కాదు. తాము ఎరిగిన కట్టప్ప స్వభావానికి, చేసిన పనికి పొంతన కుదరలేదు. కారణం చెప్పి తీరవలసిన బాధ్యత కథకునిపై పడింది. హనుమంతుని విషయంలో రాముడు అడిగిన ప్రశ్నకు ఇది మరో రూపం. రెండవ భాగం అధికంగా గతకథనం మీదనే నడిచి, సింహాసనానికి ఇచ్చిన మాటకు కట్టుబడిన దాస్యాన్ని కారణంగా చూపింది.

ఈ క్రమంలోనే పూర్వకథలు వెలువడ్డాయి. 2017లో ఆనంద్ నీలకంఠన్ ఆంగ్లనవల 'ది రైజ్ ఆఫ్ శివగామి' వచ్చింది. అదే ఏడాది 'బాహుబలి: ది లాస్ట్ లెజెండ్స్' అనే యానిమేషన్ ధారావాహిక అమెజాన్ ప్రైమ్ వీడియోలో మొదలైంది. నీలకంఠన్ నవల ఆధారంగా 'బాహుబలి: బిఫోర్ ది బిగినింగ్' అనే ధారావాహికను నెట్‌ఫ్లిక్స్ 2018లో ప్రకటించింది. దేవ కట్టా, ప్రవీణ్ సత్తారు దర్శకులు. మృణాల్ ఠాకూర్ యువ శివగామి పాత్రకు ఎంపికైంది. కొంత చిత్రీకరణ జరిగిన తరువాత ఆ ధారావాహిక విడుదల కాకుండానే ఆగిపోయింది. 2024 మే 17న డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో 'బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్' యానిమేషన్ ధారావాహిక విడుదలైంది. ఇందులో రక్తదేవుడనే శత్రువు నుంచి మాహిష్మతిని కాపాడడానికి బాహుబలి, భల్లాలదేవుడు కలిసి పోరాడతారు.

వీటిలో రెండు అంశాలు మన చర్చకు ముఖ్యమైనవి. మొదటిది భల్లాలదేవుని విషయం. అన్నదమ్ములు భుజం కలిపి పోరాడడం చూస్తున్న ప్రేక్షకునికి వారిలో ఒకరు రెండవవారి మరణానికి కుట్ర పన్నుతారని తెలుసు. తెరపై స్నేహం, స్మృతిలో ద్రోహం. 'మాయాబజార్'లోని పెళ్లిసందడిని, 'సీతారామ కల్యాణం'లోని రావణభక్తిని అనుభవించిన ప్రేక్షకపరంపరకు ఇది పరిచితమైన స్థితి.

రెండవది శివగామి విషయం. చలనచిత్రంలో ఆమె మాట శాసనం. చేతిలో పసిబిడ్డను పట్టుకొని ప్రవాహంలో మునిగిపోతూ కూడా బిడ్డను పైకెత్తి నిలిచిన రాజమాత. నవలలోని శివగామి మాత్రం, తండ్రిని రాజద్రోహిగా ముద్రవేసి చంపిన మాహిష్మతి మీద పగ పెంచుకున్న అనాథ. ఈ పూర్వకథ ఒక సందేహాన్ని తీర్చడానికి బదులు కొత్త సందేహాన్ని నిలుపుతున్నది: రాజ్యాన్ని నాశనం చేస్తానన్న బాలిక అదే రాజ్యానికి శాసనకర్త ఎలా అయింది? అదే సమయంలో, ఆమె కఠిన న్యాయబుద్ధికి, మాట తప్పని పట్టుదలకు ఒక మూలాన్ని కూడా సూచిస్తున్నది. సందేహం బలంగా ఉన్నచోట పూర్వకథకు అవసరం కూడా బలంగా ఉంటుంది. ఆ సందేహానికి దృశ్యరూపంలో సమాధానం చెప్పవలసిన ధారావాహిక ఆగిపోవడంతో, తెలుగు ప్రేక్షకులు యువ శివగామిని తెరపై చూసి అంగీకరించడానికో నిరాకరించడానికో అవకాశం లేకపోయింది.

తెలుగు చలనచిత్రంలో పుట్టిన ఈ పాత్ర బాల్యకథ తొలుత ఆంగ్లనవలగా వెలువడడం కూడా గమనించవలసిన విషయం. ఇందులో ఫిర్యాదు చేయవలసినదేమీ లేదు. రామకథ కూడా మరొక భాష నుంచి వచ్చి తెలుగువారిదైంది. కథ ఏ భాషలో మొదట పుట్టిందన్నది కాక, దానిని ఏ జనం తమ జ్ఞాపకంలో నిలుపుకొన్నారన్నదే పాత్ర యాజమాన్యాన్ని నిర్ణయిస్తుంది. అయితే తిక్కన కాలంలో పూర్వకథ చెప్పినవాడు, విన్నవాడు ఒకే భాషా సమాజానికి చెందినవారు. నేడు ఆ ఇద్దరి మధ్య దూరం పెరిగింది. శ్రోత ప్రశ్న కథకుని చేరే మార్గం సన్నబడింది.

7. సమ్మతికి హద్దులు:
ప్రేక్షకుని సమ్మతికి ఇంత ప్రాధాన్యం ఇస్తే కొత్త వ్యాఖ్యానాలకు చోటుండదన్న ఆక్షేపణ సహజం. 2023లో వచ్చిన 'ఆదిపురుష్' చిత్రంలో హనుమంతుని సంభాషణల మీద తీవ్ర అభ్యంతరాలు రాగా నిర్మాతలు వాటిని మార్చారు. అభ్యంతరానికి ఉన్న బలానికి ఇది ఉదాహరణ. కాని ఉత్తరకాండలోని శంబూక వృత్తాంతాన్ని తీసుకొని త్రిపురనేని రామస్వామి రచించిన 'శంబూకవధ' (1920) నాటకం తీవ్ర వివాదాన్ని ఎదుర్కొని కూడా తెలుగు సాహిత్యంలో నిలిచింది. ఓల్గా 'విముక్త' కథలు సీతను శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళలతో కలిపి కొత్త దారిలో నడిపించి పాఠకుల ఆదరణను, 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాన్ని పొందాయి.

ఈ రెండు స్థితులను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక భేదం స్పష్టమవుతుంది. పాత్రను తెలియక మార్చడం వేరు, తెలిసి ప్రశ్నించడం వేరు. 'శంబూకవధ', 'విముక్త' రచయితలు పాఠకుని జ్ఞాపకాన్ని విస్మరించలేదు. ఆ జ్ఞాపకంతోనే వాదానికి దిగారు. పాఠకుడు విభేదించినా, తన జ్ఞాపకానికి గౌరవం దక్కిందని గ్రహిస్తాడు. కనుక ప్రేక్షకుని హక్కు అంటే మార్పును అడ్డుకొనే హక్కు కాదు. మార్పుకు కారణం అడిగే హక్కు.

8. స్పందనను నమోదు చేయవలసిన అవసరం:
ప్రేక్షకస్పందన చరిత్రకు మన వద్ద ఆధారాలు తక్కువ. కావ్యాల ప్రతులు, చిత్రాల ముద్రణలు, విడుదల తేదీలు దొరుకుతాయి. చూసినవారు ఏమనుకున్నారో చెప్పే సాక్ష్యం ఎక్కువగా వారి నోటిమాటలోనే ఉన్నది. ఆ తరాలు వెళ్లిపోతున్నకొద్దీ అది చెరిగిపోతున్నది.

ఈ నమోదుకు నగర శివారు ప్రాంతాలు అనువైన క్షేత్రాలు. హైదరాబాదు నుంచి మేడ్చల్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీది సుచిత్ర, కొంపల్లి పరిసరాలను ఉదాహరణగా తీసుకోవచ్చు. తెలంగాణ పల్లెల నుంచి, కోస్తా, రాయలసీమ జిల్లాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడి కాలనీల్లో కలిసి జీవిస్తున్నాయి. ఇటువంటి చోట ఒకే ఇంట్లో 'లవకుశ' (1963)ను థియేటరులో చూసిన నాయనమ్మ, 'అమృతం' కోసం ఆదివారాలు ఎదురుచూసిన తల్లిదండ్రులు, మాహిష్మతి యానిమేషన్‌ను ఫోనులో చూసే పిల్లలు ఉండడం అరుదు కాదు. మూడు తరాల ప్రేక్షకస్మృతి ఒకే కప్పు కింద లభిస్తుంది. పల్లెలోని యక్షగానం చూసి వచ్చినవారు, నగరంలోనే పుట్టినవారు ఒకే పాత్రను ఎలా గుర్తుపడతారో పోల్చి చూడడానికి వీలు కలుగుతుంది.

డిగ్రీ, పీజీ తెలుగు విద్యార్థుల చేత ఈ పని చేయించడం కష్టం కాదు. తిరిగి వచ్చిన పాత్రను చూసినప్పుడు ఏ సందేహం కలిగింది, ఏది ఆ పాత్రకు తగదనిపించింది, ఏ క్షణంలో పాత పాత్ర గుర్తుకొచ్చింది అన్న మూడు ప్రశ్నలతో ఇంటిలోని పెద్దలను, పిల్లలను అడిగి, వారి మాటల్లోనే రాసి ఉంచితే చాలు. కొన్నేళ్లలో అది విలువైన పరిశోధన సామగ్రి అవుతుంది.

9. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

• పూర్వకథ తెలుగువారికి దిగుమతి ప్రక్రియ కాదు. ఉత్తరకాండ, దాని తెలుగు కావ్యరూపాలు ఈ కథన పద్ధతికి ప్రాచీన నిదర్శనాలు.

• పూర్వకథకు వచ్చే స్పందన సందేహం, అభ్యంతరం, ప్రత్యభిజ్ఞ అనే మూడు రూపాల్లో ఉంటుంది. మూడింటికీ పాత్రస్వభావ నిరంతరతే కొలమానం.

• నటుని ముఖం మారినా స్వభావం నిలిస్తే పాత్ర నిలిచే అవకాశం ఉన్నదని 'అమృతం' చూపుతున్నది. వయసు తగ్గిన పాత్రలతో నడిచే పూర్వకథా ధారావాహికలకు ఇది ముఖ్యమైన పాఠం.

• ఉత్పాద్యకథ ప్రఖ్యాతకథగా మారడానికి శతాబ్దాలు అవసరం లేదు. "ఆ పాత్ర అలా చేయదు" అని జనం అనడం మొదలుపెట్టిన నాడు ఆ మార్పు జరిగినట్లే. బాహుబలి విషయంలో అది రెండేళ్లలోపే జరిగింది.

• ప్రేక్షకుని సమ్మతి కొత్త వ్యాఖ్యానానికి ఆటంకం కాదు. అది కథకుని నుంచి కారణాన్ని కోరుతుంది.

రాముని ప్రశ్నకు అగస్త్యుడు సమాధానం చెప్పాడు గనుక హనుమంతుని బాల్యం మనకు దక్కింది. నేటి ప్రేక్షకుల ప్రశ్నలు కూడా కథలను పుట్టించగలిగినవే. వాటిని విని, రాసిపెట్టే పనిని తెలుగు పరిశోధన తన బాధ్యతగా స్వీకరించవలసి ఉన్నది.